మీ కెరటం ఏ ఊరి సముద్రంలోది?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. విశాఖపట్నంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్లుగా సెలవు రోజుల్లో, పోస్తే గట్టిపడే రెసిన్‌తో సముద్రపు బొమ్మలు చేస్తున్నాను: గోడ గడియారాలు, ట్రేలు, నీలి కెరటాల పలకలు. ఋషికొండలో సర్ఫింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టాక చెక్కతో చిన్న సర్ఫ్ పలకలు, చేతికి తొడుక్కుని అల మీద జారే హ్యాండ్‌ప్లేన్‌లు కూడా చేయాలనిపిస్తోంది. ఒక గడియారానికి సరుకు ఖర్చు 700 రూపాయలు, పని తొమ్మిది గంటలు. 1,500కు అమ్ముతున్నాను. చూసినవాళ్లు "బాగుంది" అంటారు, ఆ వెంటనే "ఇలాంటివే ఎక్కడో చూశాం" అంటారు. కొందరు గవ్వలు, పగడపు ముక్కలు రెసిన్‌లో పెట్టి ఇమ్మంటున్నారు. ఏ చెక్క వాడాలి? ఉద్యోగం మానేసి పూర్తిగా ఇందులోకి దిగవచ్చా? పేరు, లోగో సిద్ధంగా ఉన్నాయి. అమ్మ మాత్రం "చెక్కముక్కలతో పొట్ట నిండుతుందా" అంటోంది.
— కె.ఎస్., మధురవాడ

జవాబు: కె.ఎస్. గారూ, మీ ఉత్తరంలో ప్రశ్నలు చాలా ఉన్నాయి గానీ, అసలు ప్రశ్న మీరు ప్రశ్నగా అడగకుండా వదిలేసిన వాక్యంలో ఉంది: "ఇలాంటివే ఎక్కడో చూశాం." అక్కడి నుంచే మొదలుపెడతాను. మిగతావి దాని వెనకే వస్తాయి.

మీరు ఉత్తరంతో పాటు పంపిన మూడు ఫోటోలూ చూశాను. చేతిలో పనితనం ఉంది, అందులో సందేహం లేదు. నురుగు అంచు పలచగా, అల్లిక లేసులా విడిపోయింది. అది అందరికీ రాదు. కానీ నీళ్లు నెమలికంఠం రంగులో ఉన్నాయి, ఇసుక పంచదారలా ఉంది, నురుగు కొత్తగా సున్నం వేసిన గోడలా ఉంది. చెప్పండి, ఇది ఏ ఊరి సముద్రం? పగడపు దీవుల్లో ఇసుక పగడాలూ గవ్వలూ అరిగి ఏర్పడుతుంది కాబట్టి తెల్లగా ఉంటుంది. దాని మీద లోతులేని తేట నీరు నిలిస్తే ఆ లేత నీలం వస్తుంది. లక్షదీవుల్లో, మాల్దీవుల్లో అది నిజం. ఋషికొండలో అబద్ధం. వారం వారం మీరు మునిగి తేలుతున్న నీళ్లను ఒడ్డునే వదిలేసి, ఎవరో తీసిన ఫోటోలోని నీళ్లను ఇంటికి తెచ్చుకుంటున్నారు. రెసిన్ నేర్పే వీడియోలు చాలావరకు ఆ నీలంతోనే మొదలవుతాయి. నేర్చుకున్నవాళ్లూ ఆ నీలమే పోస్తారు. ఇక చూసినవాళ్లు చూశామనక ఏమంటారు?

ఒక పని చేయండి. నెల రోజుల పాటు రెసిన్ డబ్బా మూత తీయకండి. ఒక నోటుపుస్తకం, చవకరకం నీటి రంగుల పెట్టె, కుంచె, సీసాడు మంచినీళ్లు తీసుకుని వారానికి రెండు మూడుసార్లు ఒకే చోటికి వెళ్లండి. మీకు దగ్గర కాబట్టి ఋషికొండ సరిపోతుంది. వీలైతే ఒకటి రెండుసార్లు భీమిలి దాకా వెళ్లండి, అక్కడ గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. పొద్దున్నే నీటి అంచున కూర్చుని చూడండి. అల వెనక్కి లాగినప్పుడు తడి ఇసుక మీద నల్లటి గీతలు మిగులుతాయి, కాటుక వేలితో తుడిచినట్టు. అది ఇల్మనైట్. కొన్నిచోట్ల ఆ నలుపు పక్కనే కుంకుమ రాలినట్టు ఎర్రటి పొర ఉంటుంది. అది గార్నెట్. ఈ బరువైన రేణువులు తేలికైన ఇసుకతో పాటు కొట్టుకుపోకుండా వెనకబడిపోతాయి కాబట్టే ఆ చారలు ఏర్పడతాయి. ప్రతి అల ఆ గీతను చెరిపి మరో చోట కొత్తది గీస్తుంది. మీరు రెసిన్‌లో ఎంత కష్టపడినా రాని డిజైను అది, ఒడ్డున ఉచితంగా దొరుకుతోంది.

నీటి రంగు కూడా అంతే. వానాకాలంలో ఒడ్డు దగ్గర టీ రంగు కలక, దాని అవతల బూడిద కలిసిన ఆకుపచ్చ, ఆపైన సీసం రంగు. సంక్రాంతి రోజుల్లో గాలి తగ్గిన ఉదయం నీరు పాత సోడాసీసా ఆకుపచ్చకు వస్తుంది. కెరటం నిటారుగా లేచినప్పుడు సూర్యుడు దాని వెనక ఉంటే, విరగబోయే ముందు పై అంచులో ఒక్క క్షణం లేత మామిడాకు రంగు వెలుగు కనిపిస్తుంది. మీరు పలక మీద పడుకుని చూసే ఉంటారు. నురుగు కూడా తెల్లగా ఉండదు, చల్లారిన పాల మీద మీగడ రంగులో ఉంటుంది. ఈ రంగుల్ని అక్కడే కూర్చుని కలపండి, కాగితం మీద చిన్న చిన్న గళ్లుగా వేసి పక్కన తేదీ, సమయం రాసుకోండి. ప్రష్యన్ నీలంలో కొంచెం బర్న్ట్ అంబర్, చిటికెడు పసుపుపచ్చ కలిపితే మన ఆకుపచ్చకు దగ్గరగా వస్తుంది. నెల తిరిగేసరికి మీ దగ్గర వంద గళ్లు ఉంటాయి. అదే మీ రంగుల పెట్టె. దుకాణంలో దొరకదు, ఇంకొకరి దగ్గర ఉండదు.

ఇసుకను మాత్రం సంచుల్లో ఇంటికి తేకండి. రంగు చూసుకుంటే చాలు. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల దగ్గరైతే చిటికెడు మట్టి కూడా ముట్టుకోవద్దు. ఆ ఎరుపు చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది, నాకూ పుట్టింది. కానీ వేల ఏళ్లు పేరుకున్న దిబ్బలను మన ట్రేల కోసం గోకే హక్కు ఎవరికీ లేదు.

ఇక రెసిన్ సంగతి. మీకు తెలిసినవి మళ్లీ చెప్పను. మన ఊరి తేమ గురించి మాత్రం రెండు మాటలు, ఎందుకంటే ఇది నేను చేయి కాల్చుకుని నేర్చుకున్నది. ఒక ఆగస్టులో ఆర్డరు తొందరలో వాన పడుతుండగా కిటికీలు తెరిచి పెద్ద పలక మీద పోశాను. తెల్లారేసరికి పైన తెల్లగా, జిడ్డుగా పొర కట్టింది. ఎపాక్సీలో (మనం పోసే రెసిన్ రకం అదే) కలిపే గట్టిపడే మందు గాలిలోని తేమతో, బొగ్గుపులుసు వాయువుతో కలిస్తే అలా అవుతుంది. నేను అది తెలియక దాని మీదే రెండో పూత పోశాను. వారానికి ఆ పూత అప్పడంలా లేచి వచ్చింది. జిడ్డు కనిపిస్తే గోరువెచ్చని నీళ్లతో కడిగి, గరుకు స్పాంజితో రుద్ది, పూర్తిగా ఆరాక, ఉప్పు కాగితం పట్టి, అప్పుడే పైపూత వేయాలి. వానరోజున అసలు పోయకపోవడం ఇంకా మంచిది. అదే నెలలో ఇంకో ఘనకార్యం కూడా చేశాను: అర లీటరు ఒకే గ్లాసులో కలిపి, ఫోను వస్తే మాట్లాడుతూ నిలబడ్డాను. గ్లాసు వేడెక్కి, పొగలు కక్కి, కిందికి కరిగిపోయింది. రెసిన్ కుప్పగా ఉంటే తన వేడిని తానే పెంచుకుంటుంది. కొంచెం కొంచెంగా కలపండి, కలిపిన వెంటనే పలచగా పరిచేయండి.

తొడుగులు, సేంద్రియ ఆవిర్లను ఆపే మాస్కు లేకుండా పని చేయకండి. గుడ్డ మాస్కు, ఆస్పత్రి మాస్కు ఈ ఆవిరిని ఆపవు. ఎపాక్సీకి ఒంటికి ఒకసారి ఎలర్జీ పట్టిందంటే అది సాధారణంగా జీవితాంతం వదలదు, ఇష్టమైన పనే దూరమైపోతుంది. ఇంకో విన్నపం: మీ పెట్టెల మీద "సముద్రాన్ని కాపాడుదాం" అని రాయకండి. రెసిన్ ప్లాస్టిక్కే. రుద్దినప్పుడు వచ్చే పొడిని తడిగుడ్డతో తుడిచి చెత్తలో వేయండి, కడిగి కాలువలోకి పంపితే అది ఎక్కడికి చేరుతుందో మధురవాడలో ఉండే మీకు చెప్పనక్కర్లేదు.

పగడాలు అడిగేవాళ్లకు ఒకే సమాధానం: కుదరదు. బేరం లేదు. పగడాలు, విసనకర్ర ఆకారంలో ఉండే సముద్రపు ఫ్యాన్లు, సముద్రపు గుర్రాలు, కొన్ని పెద్ద గవ్వలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ ఉన్నవి. వీటిలో చాలావాటిని 2001లో జాబితాలో చేర్చారు. ఒడ్డున చచ్చి పడి ఉంది కదా, ఏరుకొచ్చాను అంటే చట్టం ఒప్పుకోదు. బీచ్ దుకాణాల్లో అమ్ముతున్నారు కదా అనేదీ జవాబు కాదు. మామూలు చిన్న గవ్వల విషయంలో చట్టం అడ్డు రాకపోవచ్చు గానీ, నా మాట వింటే అవీ వద్దు. గవ్వ అతికించిన పలక చూడగానే కళ్లు గవ్వ మీదికి పోతాయి, మీరు నెల రోజులు కూర్చుని కలిపిన రంగును ఎవరూ చూడరు.

ఇప్పుడు చెక్క. ఇక్కడ కొంచెం ఆగి మాట్లాడాలని ఉంది, ఎందుకంటే మీ ఉత్తరంలో నాకు ఎక్కువ నచ్చింది హ్యాండ్‌ప్లేన్ మాటే.

తెలియని పాఠకుల కోసం: సర్ఫ్‌బోర్డు లేకుండా, ఒంటితోనే అల మీద జారేవాళ్లు అరచేతికి తొడుక్కునే చిన్న పలక ఇది. చేయి ముందుకు చాస్తే ఆ పలక నీటి మీద జారుతూ ఛాతీని కొంచెం పైకి లేపుతుంది, వేగం పెరుగుతుంది. మొదట చేయడానికి ఇంతకన్నా మంచి వస్తువు లేదు. చిన్నది, చెక్క తక్కువ పడుతుంది, ఒక వారాంతంలో పూర్తవుతుంది. అన్నిటికీ మించి, అది తప్పుగా ఉంటే గోడ మీద మౌనంగా కూర్చోదు. నీళ్లలో మొదటి అలకే చెబుతుంది.

నా మొదటి పలక టేకుతో చేశాను. పెద్ద గొప్పగా, బల్ల చెక్క మిగిలితే వాడేశాను. మెరుగు పెడితే అద్దంలా వచ్చింది. నీళ్లలోకి తీసుకెళితే ముక్కు దించి నేరుగా లోపలికి పోయింది, దాని వెనకే నా మణికట్టు. రెండు తప్పులు చేశాను. ఒకటి, బరువు. రెండోది, అడుగు చదునుగా ఉంచాను. ముందు భాగం అడుగున పైకి లేవకపోతే పలక నీటిని తవ్వుతుంది, నీటి మీద జారదు. రెండో పలకలో ఈ రెండూ సరిచేశాను గానీ, పట్టీ దూర్చే గాడిని చెక్క నారకు అడ్డంగా, అంచుకు మరీ దగ్గరగా కోశాను. మూడో అలకు అప్పడం విరిగినట్టు రెండుగా విరిగింది. ఆ ముక్కలు ఇప్పటికీ నా బల్ల మీదే ఉన్నాయి, పేపర్లు ఎగిరిపోకుండా బరువుకు పనికొస్తున్నాయి.

మీరు ఇలా మొదలుపెట్టండి. సుమారు 35 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 25 మిల్లీమీటర్ల మందం ఉన్న, బాగా ఆరిన పలక తీసుకోండి. ఒక కాగితాన్ని పొడవుగా సగానికి మడిచి, సగం ఆకారం గీసి కత్తిరిస్తే రెండు పక్కలూ సమానంగా వస్తాయి. పలక మీద మధ్యగీత గీసి, కాగితాన్ని దాని మీద పెట్టి గీయండి. అడుగున ముందు మూడో వంతును చిత్రిక పట్టి, ముక్కు దగ్గర ఒక సెంటీమీటరు దాకా తగ్గేలా వాలు తీయండి. వెనక భాగంలో గుండ్రటి ఉలితో రెండు మూడు మిల్లీమీటర్లు లోతుగా కొంచెం తవ్వినట్టు చేస్తే పలక నీటిని పట్టుకుని తిన్నగా పోతుంది. ముందు అంచులు గుండ్రంగా ఉండాలి, పక్కవాళ్లకు తగిలినా గాయం కాకూడదు. తోక అంచును మాత్రం పదునుగా వదలండి, నీరు అక్కడ తెగి విడిపోవాలి. పట్టీకి నైలాన్ బెల్టు గానీ పాత సైకిల్ ట్యూబు గానీ చాలు. పట్టీ గాడులు నార వెంబడే, అంచుకు దూరంగా. పట్టీ బిగుతుగా ఉండకూడదు, పలక ఇసుకలో దిగబడితే చేయి వెంటనే బయటికి రావాలి. తర్వాత 80 నంబరు ఉప్పు కాగితంతో మొదలుపెట్టి 120, 220.

ఏ చెక్క అని అడిగారు. ఆస్ట్రేలియాలో, అమెరికాలో ఈ పనికి పౌలోనియా వాడతారు. తేలిక, ఉప్పునీటిని త్వరగా పీల్చదు. దాన్ని తెప్పించుకుని డబ్బు పోసుకోకండి. మన దగ్గర గుమ్మడి టేకు ఉంది. పేరులో టేకు ఉన్నా టేకు కంటే బాగా తేలిక, ఆరాక పెద్దగా వంకర పోదు, ఉలికి లొంగుతుంది. మొదటి నాలుగైదు పలకలకు యంత్రాలు ప్యాక్ చేసి వచ్చే పైన్ పెట్టెల చెక్క చాలు, పాడైనా ప్రాణం ఉసూరుమనదు. కడుపు కింద పెట్టుకుని జారే పొడుగు పలక చేయాలనుకుంటే ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ తీసుకోండి. 72 గంటలు నీళ్లలో మరిగించినా పొరలు విడిపోకూడదన్నది ఆ ప్రమాణంలోని పరీక్ష. ఇంగ్లండులో కార్న్‌వాల్ తీరం వాళ్లు తరాల తరబడి ఇలాంటి ప్లైవుడ్ పలకల మీదే కెరటాలెక్కారు. నవలా రచయిత్రి అగాథా క్రిస్టీ కూడా 1922లో దక్షిణాఫ్రికాలో ఇలాంటి చెక్క పలకతోనే మొదలుపెట్టి, అదే ఏడాది హవాయిలో నిలబడి సర్ఫింగ్ చేశారు. ఆవిడే అంత సరదా పడ్డప్పుడు మనకేం తక్కువ.

ఏటికొప్పాక అంకుడు కర్ర, కొండపల్లి పొణికి కర్ర గుర్తుకొస్తాయి, సహజమే. అంకుడు సన్నటి దుంగలుగా వస్తుంది, లేత్ మీద తిప్పే బొమ్మలకు సరిపోతుంది గానీ వెడల్పు పలకకు చాలదు. పైగా లక్క పూత నీళ్లలో నానితే తెల్లబడుతుంది. పొణికి ఎంత తేలికో కొండపల్లి బొమ్మ చేతిలో పట్టుకున్నవాళ్లకు తెలుసు, అంతే మెత్తన కూడా. ఈ రెండూ నీళ్లలోకి కాదు, మీ గోడ బొమ్మలకు. కొండపల్లి వాళ్లు రంపపు పొట్టును చింతగింజల పొడితో కలిపి చేసే ముద్ద ఉంటుంది, దాన్ని మక్కు అంటారు. పొణికి పలక మీద ఆ మక్కుతో కెరటాన్ని ఉబ్బెత్తుగా దిద్ది, పైన మీ సోడాసీసా ఆకుపచ్చ వేసి చూడండి. అందులో రెసిన్ చుక్క కూడా అక్కర్లేదు. ఆ గోడ బొమ్మను చూసి "ఎక్కడో చూశాం" అనేవాళ్లు దొరికితే నాకు రాయండి.

పూత గురించి నా పక్షపాతం చెప్పేస్తాను. నీళ్లలోకి పోయే చెక్కకు నాకు ఎపాక్సీ కంటే నూనె ఇష్టం. ఎపాక్సీ పూత అందంగా ఉంటుంది. కానీ రాయి తగిలి ఒక్క చోట పగిలితే నీరు లోపలికి దిగి బయటికి రాలేక, చెక్క లోపలే నల్లబడి కుళ్లుతుంది. నూనె పట్టిన చెక్క తడుస్తుంది, ఆరుతుంది, మళ్లీ నూనె అడుగుతుంది. హార్డ్‌వేర్ దుకాణంలో డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ అంటే ఇస్తారు, అది మన అవిసె నూనే. పలచగా నాలుగు పూతలు, పూతకూ పూతకూ మధ్య పూర్తిగా ఆరనివ్వాలి. పైన తేనెమైనం.

ఇందులో నేను కనిపెట్టిందేమీ లేదు. హవాయి ద్వీపాల్లో పూర్వం సర్ఫ్ పలక చేయాలంటే ముందు చెట్టు మొదట్లో ఎర్రచేపను నైవేద్యంగా పెట్టి, అప్పుడు చెట్టు కొట్టేవారు. రాతి బాడిసతో చెక్కి, పగడపు రాళ్లతో రుద్ది, మొక్కల రసంతోనో కుకుయి అనే అక్కడి చెట్టు గింజలు కాల్చిన మసితోనో రంగు వేసి, కుకుయి నూనె పట్టించేవారు. వాడిన ప్రతిసారీ ఆరబెట్టి, మళ్లీ నూనె రాసి, నారబట్టలో చుట్టి ఇంట్లో వేలాడదీసేవారు. అలయా అని పలచటి పలక ఉండేది. ఒలో అని పదిహేను అడుగులు దాటిన బరువైన పలక రాజవంశీకులది. హొనొలులులోని బిషప్ మ్యూజియంలో ఆ పాత పలకలు ఉన్నాయి. 1950ల చివరికి తేలికైన ప్లాస్టిక్ ఫోమ్ వచ్చి చెక్కను పక్కకు నెట్టేసింది. 2005 డిసెంబరులో అమెరికాలో ఫోమ్ దిమ్మెలు చేసే అతిపెద్ద కంపెనీ క్లార్క్ ఫోమ్ ఒక్కరోజులో తలుపులు మూసేసరికి బోర్డులు చేసేవాళ్లంతా దిక్కులు చూశారు. ఆ కాలంలోనే ఆస్ట్రేలియాలో టామ్ వెజెనర్ అనే పనివాడు పౌలోనియాతో అలయాలను మళ్లీ నీళ్లలోకి దించాడు. అడుగున రెక్క (ఫిన్) లేని, పలచటి ఆ పాత పలక కొత్త బోర్డుల కంటే వేగంగా జారుతుంటే జనం నోళ్లు వెళ్లబెట్టారు.

మన తీరానికీ ఈ చదువు ఉంది. తెప్పను మేకులు కొట్టకుండా దుంగల్ని పక్కపక్కన తాళ్లతో కట్టి చేస్తారు. వేట నుంచి వచ్చాక కట్లు విప్పి, దుంగలను విడివిడిగా ఇసుక మీద ఆరబెట్టేవారు, నీరు పీల్చి బరువెక్కకుండా. విరిగే అలల మీదుగా దాన్ని ఒడ్డుకు తెచ్చే జాలరికి కెరటం ఎక్కడ లేస్తుందో, ఎక్కడ విరుగుతుందో ఒంటికి తెలుసు. తమిళుల కట్టుమరమే ఇంగ్లీషులో కాటమరాన్ అయింది. ఇప్పుడు తెప్పలు తగ్గి ఫైబర్ బోట్లు వచ్చాయి. మీకు అక్కడా ఒక బడి ఉంది. ఏదైనా ఒక ఉదయం ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లి, ఫైబర్ బోట్లకు అతుకులు వేసే పనివాళ్ల దగ్గర గంటసేపు కూర్చోండి. సర్ఫ్‌బోర్డు పగులుకు వాడేదీ ఆ జాతి సరుకే: గాజునార, రెసిన్, గట్టిపడే మందు. ఏ ఎండకు ఎంత మందు కలపాలో వాళ్లు కొలత లేకుండా చెబుతారు. బోట్ల మీద పేర్లు, దేవుళ్ల బొమ్మలు రాసే చిత్రకారులను కూడా పలకరించండి. ఉప్పునీటికీ ఎండకూ ఏ రంగు ఎన్నాళ్లు నిలుస్తుందో ఏ వీడియో కంటే వాళ్లకే బాగా తెలుసు. ఊరికే వెళ్లకండి, టీ డబ్బులు మీవే.

డబ్బు దగ్గరికి వద్దాం. 1,500లోంచి సరుకు ఖర్చు 700 తీసేస్తే 800. తొమ్మిది గంటలకు పంచితే గంటకు 89 రూపాయలైనా పూర్తిగా రాలేదు. ఇందులో పెట్టె, బబుల్ షీటు, కొరియరు లేవు. బుడగలు లేచి పారేసిన ట్రేలు లేవు. కరెంటు లేదు. మీరు అమ్ముతున్నారని అనుకుంటున్నారు గానీ, కొన్నవాళ్లకు ఎదురు కట్నం ఇస్తున్నారు. గంటకు కనీసం 200 వేసుకోండి: పనికి 1,800, సరుకుకు 700, ప్యాకింగుకు ఓ 150, మొత్తం 2,650. దాని పైన పాడైపోయినవాటి వాటా. ఆ ధర చెబితే కొనేవాళ్లు లేరంటారా? నెమలికంఠం గడియారానికి లేరు, నిజమే, అది ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి. ధర పెంచడానికి కూడా ముందు ఆ నోటుపుస్తకమే కావాలి.

ఉద్యోగం మాట. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను చూశాం. మీరు ఏరు దాటకముందే తగలేస్తానంటున్నారు. వద్దు. ఒక ఏడాది పూర్తిగా గడవనివ్వండి. తేమతో రెసిన్ మొరాయించే ఆగస్టు, తుపాన్లతో బీచ్ ఖాళీ అయ్యే అక్టోబరు, నవంబరు, పర్యాటకులు వచ్చే డిసెంబరు, జనవరి, ఎండకు ఎవరూ గడప దాటని మే, ఇవన్నీ మీ లెక్కల పుస్తకంలో కనిపించాలి. పన్నెండు నెలల్లో ఎన్ని నెలలు మీ జీతంలో సగమైనా వచ్చిందో చూసి, అప్పుడు మళ్లీ అడగండి. పేరు, లోగో సిద్ధంగా ఉన్నాయన్నారు. ఆలు లేదు చూలు లేదు సామెత నేను చెప్పను, మీ అమ్మగారు ఈపాటికి చెప్పే ఉంటారు.

ఈలోగా ఆరు హ్యాండ్‌ప్లేన్‌లు చేసి, మీరు నేర్చుకుంటున్న సర్ఫింగ్ శిక్షకుల దగ్గర ఉంచండి. అమ్మకానికి కాదు, వాడకానికి. ఈత బాగా వచ్చినవాళ్లకే, శిక్షకులు పక్కన ఉన్నప్పుడే ఇవ్వమనండి. మన తీరంలో వెనక్కి లాగే ప్రవాహాలు పలకను చూసి జాలి పడవు. ప్రతి పలక వెనక ఒక అంకె వేయండి. మూడు నెలల తర్వాత వెళ్లి చూస్తే ఏది విరిగిందో, దేని పట్టీ తెగిందో, దేన్ని పిల్లలు పోట్లాడుకుని తీసుకుంటున్నారో తెలుస్తుంది. దీన్ని మీ వృత్తిలో టెస్టింగ్ అంటారనుకుంటాను. పిల్లలు పోట్లాడుకున్న ఆ ఒక్క ఆకారమే అమ్మకానికి పెట్టండి, మిగతా ఐదూ పొయ్యిలోకి పోయినా పరవాలేదు.

అమ్మగారి ప్రశ్నకు నా దగ్గర వేరే జవాబు లేదు, ఆవిడ అడిగింది సరైన ప్రశ్నే. ఏడాది తర్వాత లెక్కల పుస్తకం ఆవిడ చేతికే ఇవ్వండి. ఈలోపు ఒక ఆదివారం పొద్దున్న ఒడ్డుకు తీసుకెళ్లి పక్కన కూర్చోబెట్టుకోండి. చీర రంగులు ఏరడంలో ఏళ్ల అనుభవం ఉన్న కళ్లు అవి. నీటి ఆకుపచ్చలో పసుపు ఎక్కువైందో నలుపు తక్కువైందో మీకంటే ముందు ఆవిడే చెప్పినా ఆశ్చర్యం లేదు.

ఒకటి మరిచిపోయాను, ముఖ్యమైనదే. అవిసె నూనె తుడిచిన గుడ్డను ఉండ చుట్టి మూల పడేయకండి. ఆరేటప్పుడు అది తనంతట తానే వేడెక్కి అంటుకుంటుంది. నా కార్ఖానాలో ఒక రాత్రి చెత్తబుట్ట అలాగే పొగలు కక్కింది. పక్కింటాయన వాసన పట్టి తలుపు కొట్టబట్టి సరిపోయింది. గుడ్డను తీగ మీద విడదీసి ఆరేయండి, లేదా నీళ్ల బకెట్టులో ముంచి ఉంచండి.